కానరాని విమానము - కల్పిత గాథలు

2014 మార్చి 8వ తేదీన, అర్ధరాత్రి దాటి 42 నిమిషములైన వేళ, కౌలాలంపూరు విమానాశ్రయమును వీడి బీజింగు నగరమునకు బయలుదేరిన మలేషియా విమాన సంస్థవారి 370వ నంబరు విమానము గమ్యమును చేరలేదు. అందు 227 మంది ప్రయాణికులును, 12 మంది ఉద్యోగులును, వెరసి 239 మంది యుండిరి. ప్రయాణికులలో మూడింట రెండు వంతులు చీనా దేశీయులు. మన దేశీయులు ఐదుగురు. ఒంటిగంట 19 నిమిషములకు విమానమునుండి శుభరాత్రి యను మాట వినవచ్చినది. మరి రెండు నిమిషములకు రాడారు తెరమీద దాని గుర్తు ఆరిపోయినది. అటుపిమ్మట దశాబ్దమునకు పైగా గడచినను, ఆ 239 మందికి ఏమి సంభవించెనో నిశ్చయముగా చెప్పగలిగినవారు కానరాలేదు. చెప్పుచున్నవారు మాత్రము వేలకొలదిగా నున్నారు.

ఈ రెండవ తెగవారిని గూర్చియే మేము నేడు వ్రాయదలచితిమి. విమానమును దొంగలు కజకిస్థానమునకు తరలించిరని యొకరు, డియగో గార్షియా దీవిలో అమెరికా సైన్యము దింపుకొన్నదని యొకరు, ఎవరో కూల్చి దాచిరని యొకరు, సరకుల గదిలోని బ్యాటరీలు అంటుకొన్నవని యొకరు, నడపినవాడే సముద్రమున ముంచెనని యొకరు చెప్పిరి. మాల్దీవులలో నొక చిన్న దీవివారు ఆ ఉదయము మిక్కిలి క్రిందుగా పోవు పెద్ద విమానమును చూచితి మనిరి. అమెరికాలో నొక టెలివిజను సంస్థ, కృష్ణబిలము దానిని మ్రింగియుండునా యని నిపుణులను ప్రశ్నించునంత దూరము పోయినది. మన రచ్చబండలును, పట్టణములలోని క్లబ్బులును ఈ విషయమున వెనుకబడలేదు. మలయా మనకు పరాయి దేశమును కాదు. రబ్బరు తోటల పనికై ఓడలెక్కి పోయిన తెలుగు కూలీల సంతతి అచట స్థిరపడియున్నది.

ఇట్టి కల్పనలను చదువులేని జనుల వెర్రిగా కొట్టివేయుట పెద్దమనుష్యులకు పరిపాటి. మా అభిప్రాయ మది కాదు. ఈ వ్యవహారమున మొట్టమొదటి కల్పన చేసినవారు ప్రజలు కారు, పత్రికలవారును కారు. అధికార పీఠములందున్నవారే ఆ పని చేసిరి. ఆ రాత్రి జరిగిన సంగతులు తరువాత ప్రకటింపబడిన ప్రభుత్వ నివేదికలలోనే యున్నవి గనుక, వానిని కొంత విపులముగా చెప్పుట అవసరము.

విమానము మలేషియా గగనతలమును దాటి వియత్నాము గగనతలమున ప్రవేశింపవలసిన తావున మాయమైనది. తమకు రావలసిన విమానము రాలేదని హోచిమిన్ నగరపు నియంత్రణ కేంద్రమువారు కౌలాలంపూరు వారిని అడుగునప్పటికే పదిహేడు నిమిషములు గడచిపోయినవి. కౌలాలంపూరు వారు విమాన సంస్థ కచేరీని అడిగిరి. ఆ కచేరీవారు తమ యంత్రపు తెరను చూచి, విమానము కాంబోడియా మీదుగా సుఖముగా పోవుచున్నదని ధైర్యము చెప్పిరి. ఆ తెరమీద కనబడినది విమానము కాదు. ఆ వేళకు అది ఎచట నుండవలెనో లెక్కకట్టి యంత్రము తనంతట వేసికొన్న బొమ్మ. నిరుటి అడంగలు చూచి ఈ యేటి పంట వ్రాసికొను కరణమునకును, ఈ తెరను నమ్మిన యుద్యోగులకును మాకు భేదము కనబడుట లేదు. అది కేవలము అంచనా యని తెల్లవారుజామున మూడున్నర గంటలకు గాని వారు ఒప్పుకొనలేదు. అన్వేషణ సహాయ కేంద్రము ఐదున్నర గంటలకు మేల్కొన్నది. ఆపద ప్రకటన 6 గంటల 32 నిమిషములకు వెలువడినది. అప్పటికి విమానము బీజింగున దిగవలసిన వేళ దాటిపోయినది.

ఇంతకంటె విపరీతమైనది సైనిక రాడారు కథ. ఒక విమానము వెనుకకు మరలి, మలయా ద్వీపకల్పమును అడ్డముగా దాటి, పెనాంగు దీవి దక్షిణపు కొసను చుట్టి, మలక్కా జలసంధి మీదుగా వాయవ్య దిశకు పోవుట ఆ రాత్రియే ఆ రాడారు చూచినది. 2 గంటల 22 నిమిషములకు అదియు దృష్టి దాటిపోయినది. శత్రువిమానము కాదని తలచి దాని వెంట ఎవరును పోలేదు. మరునాటినుండి ఓడలును విమానములును ముఖ్యముగా తూర్పున దక్షిణ చీనా సముద్రమునే గాలించుచుండెను. పడమటి జలసంధిలో సైతము వెదకుట ప్రారంభించిరి గాని, ఎందుకు వెదకుచున్నారో ప్రజలకు తేటగా చెప్పలేదు. స్థానిక పత్రిక యొకటి విమానము పడమటికి మరలిన సంగతి ప్రకటింపగా, వాయుసేనాధిపతి నేనట్లు చెప్పలేదనెను. మార్చి 15వ తేదీన ప్రధానమంత్రి నజీబ్ రజాక్, విమానములోని యెవరో బుద్ధిపూర్వకముగా దానిని త్రిప్పినట్లు తోచుచున్నదని ప్రకటించిన పిదప గాని తూర్పు సముద్రమున వెదకుట మానలేదు.

తన రాడారు ఎంత దూరము చూడగలదో పొరుగువారికి తెలియరాదను జంకు ప్రతి రాజ్యమునకును కలదు. ఆ సంగతి మేము ఎరుగకపోలేదు. కాని 239 మంది కుటుంబములు హోటలు గదులలో కూర్చుండి, గంటకొక మాట విని, మరుగంటకు దాని ఖండనమును వినుచున్న వేళ ఆ జంకునకు విలువ యెంత? ఒక వారము పాటు ప్రభుత్వము తాను చూచినదానిని చూడలేదన్నట్లు ప్రవర్తించినది. తరువాత నిజమే చెప్పినను దానిని నమ్మువారు లేకపోయిరి. దొంగలు, దీవులు, కృష్ణబిలములు అన్నియు ఆ వారమున నాటుకొన్న విత్తనములే.

ఇక నిజముగా తెలిసినదేమి? ఇది స్వల్పము కాదు. విమానములోని యంత్రము హిందూ మహాసముద్రముపై నిలిచియున్న ఇన్మార్శాట్ వారి ఉపగ్రహముతో గంట కొకమారు చొప్పున పలుకరింపులు జరుపుచుండెను. కడపటిది ఉదయము 8 గంటల 19 నిమిషములకు వచ్చినది. అనగా రాడారునుండి మాయమైన పిదప ఆ విమానము సుమారు ఏడు గంటలు గగనమున నుండినది. ఒక్కొక్క సంకేతము వచ్చుటకు పట్టిన కాలమునుబట్టి ఉపగ్రహమునకు విమానమెంత దూరమున నున్నదో లెక్కింపవచ్చును. చీకటిలో గానుగ త్రిప్పు ఎద్దు రోటికి ఎంత దూరమున నున్నదో కాడి పొడవును బట్టి తెలియును గాని, ఏ దిక్కున నున్నదో తెలియదు. ఇదియు నట్టిదే. భూగోళముపై నొక వలయము గీయవచ్చును; ఆ వలయములో ఏ బిందువో చెప్పలేము. అయితే స్టేషనులోనికి వచ్చు రైలు కూతకును, విడిచిపోవు రైలు కూతకును స్వరభేదము కలదు గదా. అట్టి భేదమును సంకేతములందు పరిశీలించి, విమానము ఉత్తరమునకు కాక దక్షిణమునకు పోయెనని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. ఏడవ వలయము అని ప్రసిద్ధి కెక్కిన గీత ఆస్ట్రేలియాకు పడమట, ఓడలు సైతము అరుదుగా పోవు సముద్రముపై పడినది. చివరి సంకేతము నాటికి నూనె అయిపోయి, విమానము వేగముగా దిగజారుచుండెనని కూడ వారు తేల్చిరి.

మార్చి 24వ తేదీన మలేషియా ప్రధానమంత్రి ఈ నిర్ణయమును ప్రకటించెను. విమాన సంస్థవారు కుటుంబములలో పలువురికి ఈ సంగతిని టెలిఫోను సందేశముగా పంపిరి. భర్త పోయెనని, బిడ్డ పోయెనని చేతి యంత్రముపై నాలుగు పంక్తులలో చదువుకొనవలసినవారు మరునాడు బీజింగులోని మలేషియా రాయబార కార్యాలయము నెదుట గుమిగూడి ఘోషించిరనిన ఆశ్చర్యమేమి?

2015 జూలై 29వ తేదీన రీయూనియన్ దీవి యొడ్డున రెక్క వెనుకటి భాగమొకటి గుల్లలు పట్టి దొరకినది. అది ఆ విమానమునదే యని ఫ్రెంచి న్యాయాధికారులు తేల్చిరి. పిమ్మట మొజాంబిక్, మడగాస్కరు, టాంజానియా, మారిషసు తీరములయందు మరికొన్ని తునకలు కొట్టుకొని వచ్చినవి. సముద్ర ప్రవాహముల లెక్కయు, ఉపగ్రహపు లెక్కయు ఒండొంటికి సరిపోయినవి. విమానము దక్షిణ హిందూ మహాసముద్రమున పడినదనుటకు ఇంతకు మించిన సాక్ష్యము కోరువారు న్యాయస్థానమున నిలువజాలరు. కజకిస్థానపు కథ ఇచటితో ముగిసినది. డియగో గార్షియా కథయు నట్లే. చివరి వలయము ఆ దీవికి వేలకొలది కిలోమీటర్ల దూరమున నున్నది.

అయినను ఆ దీవి కథ యేల పుట్టినదో మనము గ్రహింపవలెను. బ్రిటిషువారు 1968 మొదలు 1973 వరకు ఆ ద్వీపవాసులను పుట్టిన గడ్డనుండి వెడలగొట్టి, దానిని సైనిక స్థావరము కొరకు అమెరికాకు అప్పగించిరి. పత్రికా రచయితలకు అచట కాలుమోపుట దుర్లభము. కన్ను పడనీయని చోట ఏమైనను జరుగునని లోకము తలచును. విమానము అచటికి రాలేదని అమెరికా ప్రభుత్వము చెప్పినది నిజమే. కాని అర్ధశతాబ్దము తలుపులు బిగించుకొన్నవాని నిజమునకు కొనుగోలుదారులు తక్కువ.

మన అనుభవమును చూడుడు. 1945 ఆగస్టు 18వ తేదీన తైహోకులో విమానము కూలి నేతాజీ మరణించెనను వార్తను ఈ దేశమున కోట్ల జనులు నమ్మలేదు. 1956లో నొక సంఘము, 1970 పిదప నొక కమిషను ఆ వార్తయే నిజమనిరి. 2005లో మరియొక కమిషను కాదనెను. ప్రభుత్వము ఆ నివేదికను అంగీకరింపలేదు. ఇన్ని విచారణలు సాగుచున్న కాలమంతయు కాగితములు బీరువాలలోనే యుండెను. 2016 జనవరిలో నూరు దస్త్రములు బయటపడునప్పటికి, ఆ మహానుభావుడు సన్యాసి వేషమున ఫలాన ఊర నున్నాడను కథలకు మూడు తరములు గడచిపోయినవి. వదంతిని చంపుటకు విచారణ సంఘము చాలదు. కాగితము వేళకు బయటికి రావలెను.

ఇప్పుడు మిక్కిలి సున్నితమగు విషయమునకు వచ్చుచున్నాము. నేడు ప్రబలముగా వినవచ్చు ఊహ, ప్రధాన వైమానికుడే ఈ ఘాతుకమునకు ఒడిగట్టెననునది. పుస్తకములు వెలువడినవి, చలనచిత్రములు తీయబడినవి. దీనికి ఆధారము బొత్తిగా లేదనుట న్యాయము కాదు. విమానము మరలిన తీరు మనుష్యుని చేతి పని వలె నున్నది. ఆయన ఇంటిలోని అభ్యాస యంత్రమున, ఆరు వారములకు పూర్వము, మలక్కా జలసంధి మీదుగా పోయి దక్షిణ సముద్రమునకు తిరుగు మార్గమొకటి నమోదై యుండెనని ఆస్ట్రేలియా అధికారులు 2017లో వ్రాసిరి. ఇది తేలికగా త్రోసివేయదగినది కాదు.

కాని రెండవ పక్షమును వినవలెను. ఆయనకు 53 ఏండ్లు. 18 వేల గంటలకు పైగా విమానములు నడపిన అనుభవము. ధనపు చిక్కులు గాని, నడవడిలో మార్పు గాని, మనోవ్యాధి గాని కనుగొనలేదని 2018 జూలై 30వ తేదీన వెలువడిన మలేషియా తుది నివేదిక చెప్పినది. అదే నివేదిక, మూడవ వ్యక్తి జోక్యమును సైతము కాదనజాల మనియు, కారణమును నిర్ణయింపలేక పోతి మనియు ఒప్పుకొన్నది. ఇట్టి సాక్ష్యముతో మునసబు కోర్టులో నొక గట్టు తగవునైనను తేల్చజాలరు. అయినను ఒక మనుష్యుని 238 మంది హంతకునిగా నిర్ణయించి, అతని భార్యాబిడ్డలు తలయెత్తుకొని తిరుగలేని స్థితికి తెచ్చుటకు పత్రికలు సందేహింపలేదు. మా వృత్తివారి దోషము ఇచట ప్రభుత్వముల దోషమునకు తీసిపోదు. దొంగిలిన పాసుపోర్టులతో ప్రయాణము చేసిన ఇద్దరు ఇరాను యువకులను మొదటి రెండు దినములు ఉగ్రవాదులని ప్రకటించి, పిమ్మట వారు యూరపులో ఆశ్రయము కోరి పోవుచున్నవారని తేలినప్పుడు ఆ మాటను చిన్న అక్షరములలో వేసినది కూడ మా వృత్తివారే.

ఊహలు ఎంత తప్పుదారి పట్టించునో తెలియుటకు మరియొక విమానమును తలచుకొన్న చాలును. 2009 జూన్ 1వ తేదీన రియో డి జనీరో నుండి పారిసుకు పోవుచున్న ఫ్రెంచి విమానము 228 మందితో అట్లాంటికున మునిగినది. బాంబు అనిరి, పిడుగు అనిరి. రెండేండ్లకు సముద్ర గర్భమున సుమారు 3,900 మీటర్ల లోతునుండి దాని నల్లపెట్టెలను వెలికి తీసిరి. (వాని రంగు నారింజ, పేరు మాత్రము నలుపు.) వేగమును కొలుచు గొట్టములయందు మంచు పట్టి లెక్కలు తప్పుటయు, తొట్రుపడిన వైమానికులు విమానపు ముక్కును పైకెత్తి ఉంచుటయు, అది పట్టు తప్పి పడిపోవుటయు అందు స్పష్టముగా నుండెను. బాంబును లేదు, పిడుగును లేదు.

మన తీరమున జరిగినది ఇంకను సమీపము. 2016 జూలై 22వ తేదీన తాంబరము నుండి పోర్టుబ్లెయిరునకు పోవుచున్న మన వాయుసేన ఏ.ఎన్. 32 విమానము 29 మందితో బంగాళాఖాతముపై మాయమైనది. వారిలో ఎనిమిది మంది విశాఖపట్టణపు నౌకాదళ ఆయుధాగారమున పనిచేయు పౌర ఉద్యోగులు. రెండు నెలలు వెదకి, అందరును మరణించినట్లు భావింపవలసినదని వారి ఇండ్లకు తెలిపిరి. తెలిపిన మాట వేరు, నమ్మగలిగిన మాట వేరు. దేహము లేదు, ఇనుప ముక్కయైన లేదు, తద్దినము ఏ తిథికి పెట్టవలెనని అడుగు వృద్ధమాతకు ఎవరు సమాధానము చెప్పుదురు? 2024 జనవరిలో, చెన్నపట్టణపు తీరమునకు సుమారు 310 కిలోమీటర్ల దూరమున, 3,400 మీటర్ల లోతున, మన జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ పంపిన స్వయంచాలిత యంత్రము ఆ విమానపు శకలములను ఛాయాచిత్రములు తీసినది. అప్పటికి ఏడున్నర ఏండ్లు నిండినవి. అది మన దేశీయుల నేర్పే యని చెప్పుకొనుటకు సంతోషము. ఆలస్యమునకు మాత్రము వ్యసనము.

కౌలాలంపూరు విమానమునకు ఆ భాగ్యమైనను పట్టలేదు. ఆస్ట్రేలియా, మలేషియా, చీనా ప్రభుత్వములు కలిసి 1,20,000 చదరపు కిలోమీటర్ల సముద్రపు టడుగును గాలించి, 2017 జనవరి 17వ తేదీన చాలించినవి. పందొమ్మిదవ శతాబ్దమున మునిగిన ఓడలు దొరకినవి గాని విమానము దొరకలేదు. 2018లో ఓషన్ ఇన్ఫినిటీ యను సంస్థ, దొరికిననే ద్రవ్యము, లేనిచో ఏమియు అక్కరలేదను షరతుతో మరి 1,12,000 చదరపు కిలోమీటర్లు వెదకినది. 2025 మార్చిలో అదే షరతుతో 15,000 చదరపు కిలోమీటర్లకు మలేషియా ప్రభుత్వము తిరిగి ఒడంబడిక చేసికొన్నది. దొరకినచో ఇచ్చునది 7 కోట్ల డాలర్లు. ఋతువు అనుకూలింపక ఏప్రిలులో ఆ పని నిలిచినది. డిసెంబరు 30 నుండి తిరిగి ఆరంభింతుమని పిమ్మట ప్రకటించిరి.

ఈ ఒడంబడికలయందు మాకు కొరతగా తోచినది డబ్బు కాదు. ఆ పెట్టెలు దొరకిన దినమున ఏమి చేయుదురో ముందే చెప్పవలెను. మాటలను నిలుపు పెట్టె కడపటి రెండు గంటలను మాత్రమే నిలుపును. విమానము మరలిన వేళ పలికిన మాటలు ఏడు గంటల పయనములో చెరిగిపోయియుండును. అందు వినబడునది నిశ్శబ్దమే యైనచో, ఆ నిశ్శబ్దమును తమకు తోచిన రీతిని చదువుకొనువారికి కొదువ యుండదు. గమన వివరములను నిలుపు రెండవ పెట్టె 25 గంటలను నిలుపును. నిజము దొరకిన అందే దొరకవలెను. కావున ఆ రెండు పెట్టెలను ఏ దేశమున, ఏ ప్రయోగశాలయందు, ఎవరి సమక్షమున విప్పుదురో మలేషియా ప్రభుత్వము ఇప్పుడే ప్రకటింపవలెను. చీనా, మలేషియా, భారత కుటుంబముల ప్రతినిధులను అచట కూర్చుండనీయవలెను. ప్రయాణికులలో ఐదుగురు మనవారు గనుక, ఈ కోరికను లిఖితమూలముగా కౌలాలంపూరునకు పంపుటకు మన విదేశాంగ శాఖకు హక్కు కలదు.